ముగింపు ముందే చెప్పేసే మావయ్య

"మావయ్యా, పాపకి నూట రెండు దాటింది. మందు పోస్తే తగ్గుతోంది, నాలుగు గంటలయ్యేసరికి మళ్ళీ ఎక్కుతోంది. గంట గంటకీ రాసి గీత కూడా గీశాను. ఆ గీత చూస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఇది చివరికి ఏమవుతుంది?"

ఫోనులో అవతలి మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మూడో రోజు పొద్దున్నే పోతుంది. పోతూ పోతూ ఒంటి మీద నాలుగు ఎర్ర మచ్చలు చూపిస్తుంది. నువ్వు ఇంకోసారి హడలిపోతావు. సాయంత్రానికి అవీ ఉండవు. ఈ జ్వరం విలన్ కాదమ్మా, కమెడియన్. డాక్టరుకి చూపించావా? ఆయనా ఇదే చెప్పుంటాడు. కాకపోతే పాపం ఆయనకి కథ చెప్పడం రాదు."

మూడో రోజు పొద్దున్నే జ్వరం పోయింది. మచ్చలొచ్చాయి. ఆమె హడలిపోయింది. సాయంత్రానికి అవీ పోయాయి.

ఆ మనిషి గురించి చెప్పాలంటే ఒక్క ముక్క చాలు: ఏ కథకైనా ముగింపు ముందే చెప్పేస్తాడు. ఊళ్ళో మిగిలిన ఒకే ఒక్క పాత సినిమా హాల్లో టికెట్ కౌంటర్లో కూర్చోవడం ఆయన ఉద్యోగం. కౌంటర్లో కూర్చున్నవాళ్ళెవరైనా టికెట్టూ చిల్లరా ఇస్తారు. ఈయన టికెట్టు, చిల్లర, ముగింపు మూడూ కలిపి ఇస్తాడు. శుక్రవారం పొద్దుటి ఆట తోటి గుమాస్తాకి అప్పగించి, తను లోపలికెళ్ళి సినిమా మొత్తం చూసి వస్తాడు. మధ్యాహ్నం ఆట నుంచి ఇక ఊరికి రక్షణ లేదు. అందుకే చుట్టాలకి, పక్కాలకి, దారిన పోయేవాళ్ళకి కూడా ఆయన క్లైమాక్స్ మావయ్య.

ఫోను చేసింది ఆయన అక్క కూతురు. ఊరి నీళ్ళ సరఫరా ఆఫీసులో, తాగే నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తుంది. కెమిస్ట్రీ చదువుకుంది కాబట్టి దేన్నీ ఒక పట్టాన నమ్మదు. బిడ్డ తల్లి అయ్యాక, పాపకి ఏమీ కాలేదన్న సంగతిని అసలే నమ్మడం మానేసింది. మావయ్య ఆమెని డౌటమ్మా అని పిలుస్తాడు. పద్నాలుగు నెలల ఆ పాపకి ఇంకా ఏమీ తెలీదు, చేతికందినదల్లా నోట్లో పెట్టుకోవడం తప్ప.

మావయ్య జబ్బు సినిమాలతో ఆగేది కాదు. ఒకసారి బస్సులో పక్క సీటాయన డిటెక్టివ్ నవల చదువుకుంటున్నాడు. మావయ్య అట్ట వంక ఒకసారి చూసి, "వంటవాడే" అన్నాడు. ఆ పెద్దమనిషి రెండు స్టాపుల ముందే దిగిపోయాడు, నవల సీటు మీదే వదిలేసి. ఇంట్లో అత్తయ్య గుమ్మం దగ్గరే కట్టడి చేసింది. "చెప్పులూ, ముగింపూ బయట వదిలి లోపలికి రండి" అనేది. ఆయన చెప్పులు వదిలేవాడు.

పదేళ్ళలో సినిమాలు ఎలా మారాయని విమర్శకుల్ని అడిగితే ఏవేవో చెప్తారు. డౌటమ్మ మాత్రం దానికో కొలత కనిపెట్టింది. హాలు ముందు క్యూ ఎంత పొడవుందో చూస్తే చాలు. ముగింపు చెప్పడానికి మావయ్యకి ఎంతసేపు పడితే క్యూ అంత పొడవు.

మొదటి రెండేళ్ళూ బంగారు కాలం. ప్రతి సినిమాలోనూ ఓ పెద్ద ఇల్లు, ఇంటినిండా ముప్ఫై మంది చుట్టాలు, ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరు అన్నదమ్ములు. "కలిసిపోతారు, చిల్లర చూసుకో" అంటే అయిపోయేది. క్యూ నీళ్ళలా కదిలేది. తర్వాత దయ్యాలొచ్చాయి. ఇల్లు అదే, చుట్టాలు ఖాళీ చేశాక దయ్యం దిగింది. "దయ్యం మంచిదేనమ్మా. దాని కష్టాలు దానివి పాపం. కమెడియన్ని తప్ప ఎవర్నీ ఏమీ చెయ్యదు." క్యూ నాలుగడుగులు పెరిగింది.

ఆపైన ట్విస్టుల కాలం వచ్చింది. అప్పుడు చూడాలి.

"హీరో చచ్చిపోలేదు," అనేవాడు మావయ్య టికెట్టు చించుతూ.

"అసలు చచ్చిపోతాడనే నాకు తెలీదు కదండీ!"

"ఇంటర్వెల్లో పోతాడు. కానీ పోలేదు. పోయింది వాడి కవల."

"కవల ఉన్నాడా?"

"లేడు. అదే ట్విస్టు."

వెనకవాళ్ళు కేకలు వేసేవాళ్ళు. ముందువాడు కదిలేవాడు కాదు, అర్థం కాకుండా ఎలా కదులుతాడు? మావయ్య కాగితం ముక్క తీసి బొమ్మ గీసి చూపించేవాడు. క్యూ గేటు దాటి, మలుపు తిరిగి, టైర్ల షాపు దాకా వెళ్ళింది. టైర్ల షాపాయన బెంచీ వేశాడు.

తర్వాత ఆటగాళ్ళ కథలు వచ్చి క్యూని కాపాడాయి. "గెలుస్తాడు. ఆఖరి నిమిషంలో. అంతకుముందే గెలిస్తే మిగతా రెండు గంటలూ ఏం చూపిస్తారు?" ఆ తర్వాత కొన్ని నెలలు జబ్బు భయంతో హాళ్ళు మూసేశారు. జనం ఇళ్ళలో ఫోన్లలో సినిమాలు చూసుకున్నారు. మావయ్య ఒక్కొక్కరికీ ఫోను చేసి, "ఏం చూస్తున్నావ్?" అని ప్రేమగా అడిగేవాడు. ఆ నెలల్లో చుట్టాల్లో ఎవరూ ఆయన ఫోనెత్తలేదు.

హాళ్ళు తెరిచేసరికి హీరోలకి గడ్డాలు పెరిగాయి, కత్తులు పెరిగాయి, నడక మాత్రం బాగా నెమ్మదించింది. "నూట నలభై మంది పోతారు. మనవాడు మిగులుతాడు. చొక్కా మిగలదు" అని మావయ్య మూడు ముక్కల్లో తేల్చేసేవాడు. అంతా బాగానే ఉందనుకుంటున్న రోజుల్లో ఆయన జీవితంలో పెద్ద దెబ్బ తగిలింది. ఒక శుక్రవారం భోజనానికి ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. అత్తయ్య కంగారుపడి డౌటమ్మకి ఫోను చేసి ఆయన చెవికి ఆనించింది.

"ఏమైంది మావయ్యా?"

"అవలేదమ్మా."

"ఏది?"

"సినిమా. సగంలో లైట్లు వేసేశారు. మిగతాది రెండో భాగంలోనట. అది రెండేళ్ళ తర్వాతట. ఇప్పుడు కౌంటర్లో జనం మొహం ఎలా చూడను?"

"నువ్వు చెప్పకపోతేనేం మావయ్యా, వాళ్ళే చూసుకుంటారు."

"చూసుకోడానికి అక్కడేముందమ్మా!"

ఆ ఆట మొదలు అందరికీ ఒకటే చెప్పాడు: "రెండేళ్ళాగి రా, చెప్తాను." నవ్వులాట కాదు, రెండేళ్ళ తర్వాత ఒకాయన నిజంగానే వచ్చి, "చెప్తానన్నారు" అన్నాడు.

పదో ఏడు ఇంకో అన్యాయం జరిగింది. కొత్త సినిమాలు ఆడక, పాత సినిమాల్నే తోమి మెరుగుపెట్టి మళ్ళీ వదిలారు. జనం కిటకిటలాడారు. ఒక్కడికీ ముగింపు అక్కర్లేదు. పైగా వాళ్ళే కౌంటరు కన్నంలో తల పెట్టి, డైలాగులతో సహా మావయ్యకి చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆ సంవత్సరం ఆయన మూడు కిలోలు తగ్గాడు.

అలాంటి సమయంలో ఒక కొత్త సినిమా వచ్చింది. దానితోపాటు సినిమా పంపినవాళ్ళ ఉత్తరం కూడా ఒకటి వచ్చింది. సినిమా చివర ఓ రహస్యం ఉందనీ, హాలు సిబ్బందిలో ఎవరి నోటినుంచైనా అది బయటపడితే మర్నాడే సినిమా తీసేసి ఇంకో ఊరికి ఇస్తామనీ దాని సారాంశం. ఓనరు గారు ఉత్తరం రెండుసార్లు చదువుకుని, మావయ్యని పిలిచి, ఒకే మాట అన్నారు.

"ఏమయ్యా క్లైమాక్సూ, వారం రోజులు నోరు మూసుకోగలవా?"

మావయ్య చాలా నిజాయితీగా ఆలోచించి, "కష్టం సార్" అన్నాడు.

"అయితే ఈ శుక్రవారం నుంచి కుర్చీ ఖాళీ చేసెయ్."

ఇరవై రెండేళ్ళ కుర్చీ అది. ఆ కుర్చీ పోతే మావయ్య ఏమైపోతాడో చెప్పడానికి మావయ్యే అక్కర్లేదు. అత్తయ్య ఏడుపు గొంతుతో కబురు చెప్పగానే డౌటమ్మ పాపని చంకనేసుకుని ఓనరు గారి గదికి వెళ్ళింది. నెలనెలా హాలు ట్యాంకు నీళ్ళ పరీక్ష కాగితాలు పట్టుకొచ్చేది ఆమే కాబట్టి ఆయనకి ఆమె మాటంటే గురి.

"వారం రోజులు ఆయన ముగింపు చెప్పడండీ. హామీ నాది."

"అమ్మాయ్, మీరు ప్రతి దానికీ అనుమానపడే మనిషి. ఈయన్ని ఎలా నమ్మారు?"

"నమ్మలేదండీ. ల్యాబుకి సెలవు పెట్టి పక్కనే కూర్చుంటాను."

శుక్రవారం పొద్దుటి ఆట మావయ్య ఎప్పటిలాగే చూసొచ్చాడు. మొహం టమాటాలా ఎర్రబడింది. చెప్పాల్సినది నిండుగా ఉన్న మనిషి మొహం అలాగే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి కౌంటరు తెరిచారు. గది అగ్గిపెట్టెంత. మావయ్య కుర్చీ, డౌటమ్మ స్టూలు, ఆమె ఒళ్ళో పాప. బల్ల మీద హాలు సీట్ల పటం, దాని మీద అమ్మిన సీటు కొట్టెయ్యడానికి నీలం పెన్సిలు. పాప ఆ పెన్సిలు మీద కన్నేసింది. డౌటమ్మ ఒక కన్ను పాప మీద, ఒక కన్ను మావయ్య పెదవుల మీద వేసింది.

"రెండు టికెట్లు. ఇంతకీ ఏమవుతుంది సార్?" అన్నాడు మొదటివాడు అలవాటుగా.

 మావయ్య ముగింపు మింగేశాడు. "టికెట్టు. చిల్లర" అన్నాడు.

"ఒంట్లో బాగా లేదా సార్?"

వార్త క్యూలోకి పాకింది. క్లైమాక్స్ మావయ్యకి మాట పడిపోయిందని కొందరు, కళ్ళకి ఆపరేషనై సినిమా కనపడలేదని కొందరు అన్నారు. పది నిమిషాల్లో యాభై టికెట్లు తెగాయి. డౌటమ్మ ఊపిరి పీల్చుకోబోయింది. అప్పుడే ఓ సంగతి కనిపెట్టింది. మావయ్య కొన్ని టికెట్ల వెనక ఏదో రాస్తున్నాడు.

అందరికీ కాదు. గుండె ఆపరేషన్ అయిన రిటైర్డ్ బస్సు డ్రైవరు తాతకి రాశాడు. ఏడో నెల కడుపుతో ఉన్న టీచరమ్మకి రాశాడు. ముసుగు కప్పుకుని వచ్చిన ఒక పెద్దావిడకి రాశాడు.  నోటితో చెప్పొద్దన్నారు కదాని చేత్తో రాస్తున్నాడు! ఉత్తరంలో నోరని రాసుంటే ఈయన చేతిని వాడేస్తాడు. అలాంటి మనిషే.

తర్వాతి టికెట్టు డౌటమ్మ ఆయన చేతిలోంచి లాక్కుంది. వెనక నీలం పెన్సిలుతో ఇలా ఉంది: "4-25. ఆరు నిమిషాలు."

"ఇదేంటి మావయ్యా?"

"ముగింపా అది?"

"కాదు."

"అయితే ఇటివ్వు. క్యూ ఆగిపోయింది."

ఆమె పటం వంక చూసింది. రాసిచ్చిన టికెట్లన్నీ తలుపు పక్క సీట్లవే. అర్థం కాలేదు. అర్థం కానిదల్లా ప్రమాదమేనని ఆమె చదువు చెప్తుంది, తల్లితనం ఒట్టేసి చెప్తుంది. కౌంటరు మూశాక కూడా గడియారం వంకే చూస్తూ కూర్చుంది.

సరిగ్గా నాలుగూ ఇరవై అయిదుకి హాలు పక్క తలుపు తెరుచుకుంది. ముందు డ్రైవరు తాత వచ్చాడు. వెనక టీచరమ్మ, ఇద్దరు పిల్లల్ని చెరో చేత్తో పట్టుకున్న ఒక తండ్రి, ఇంకా ఐదారుగురు. చివర ముసుగు పెద్దావిడ. ఎవరూ ఎవరితోనూ మాట్లాడకుండా వరండాలో టీ కొట్టు ముందు నిలబడ్డారు. టీ కొట్టతను పది గ్లాసులు ముందే సర్ది ఉంచాడు.

పైగదిలోంచి ఓనరు గారు ఇది చూశారు. సినిమా బాగా లేక జనం లేచి వచ్చేస్తున్నారనుకుని మెట్లు రెండేసి చొప్పున దిగొచ్చారు.

"ఏమైంది? సినిమా బాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు డ్రైవరు తాత టీ ఊదుకుంటూ.

"మరెందుకొచ్చేశారు?"

"నాలుగూ ఇరవై అయిదైంది కదా."

ఓనరు గారు కౌంటరు వైపు తిరిగారు. "ఏమయ్యా! చెప్పేశావా?"

మావయ్య కిటికీ కన్నంలోంచి తల బయటపెట్టాడు. "కథ చెప్పలేదు సార్. టైము చెప్పాను. ఉత్తరంలో టైము చెప్పొద్దని లేదు. అక్కడ ఆరు నిమిషాలు వీళ్ళు చూడకూడని సీను ఒకటుంది. అదేంటో చెప్పకూడదు కాబట్టి చెప్పట్లేదు."

అప్పుడు ముసుగు పెద్దావిడ ముసుగు తీసి, గ్లాసు పక్కన పెట్టి, "ఆరు నిమిషాలయ్యింది, పదండి పదండి, పాట మొదలైపోతుంది" అంది.

"అమ్మా!" అన్నారు ఓనరు గారు. "నువ్వు టికెట్ కొనుక్కుని..."

"నీకు చెప్తే పైన సోఫాలో కూర్చోబెడతావు. అక్కడికి ఎప్పుడు బయటికి రావాలో చెప్పే దిక్కుండదు. మీ నాన్న పోయిన దగ్గర్నుంచి నేను ఆసుపత్రి సీను చూడలేను రా. ఎనిమిదేళ్ళుగా ఈ బాబు చెప్పబట్టి సినిమా చూస్తున్నాను. ఆయన్ని ఏమన్నా అన్నావంటే ఇంటికొచ్చాక నీ సంగతి చెప్తాను." ఆవిడ అందర్నీ తోలుకుని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. వరండాలో పది ఖాళీ గ్లాసులు, ఒక ఓనరు మిగిలారు.

ఆయన చాలాసేపు తల గోక్కున్నారు. తర్వాత కౌంటరు దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "రేపు మామూలుగానే రా" అన్నారు. వెళ్ళబోయి మళ్ళీ ఆగారు. "ఇంతకీ చివరికి ఏమవుతుందయ్యా?"

"చెప్పకూడదు సార్. వారం ఆగండి."

"నాక్కూడానా?"

"మీరూ సిబ్బందేగా సార్. మీ నోటినుంచి బయటపడితే?"

ఆట వదిలి జనమంతా వెళ్ళిపోయాక మావయ్య సీట్ల పటం తుడుచుకుంటున్నాడు. పాప ఎట్టకేలకి నీలం పెన్సిలు సంపాదించి చీకుతోంది. డౌటమ్మ దాన్ని లాక్కుని, కడిగి, మళ్ళీ లాక్కుని, చివరికి అడిగింది.

"అయితే పదేళ్ళుగా నువ్వు ముగింపులు చెప్పింది వీళ్ళ కోసమా?"

"సరదా కూడా ఉందిలే, అబద్ధమెందుకు. ట్విస్టు చెప్తే మొహాలు భలే మారతాయి."

"మావయ్యా."

"ఒక్కళ్ళూ నోరు తెరిచి అడగరమ్మా. అంత పెద్ద బస్సు నడిపిన మనిషి, నాకు గుండె దడగా ఉంది, లోపల ఏముందో చెప్పమని నలుగురి ముందు అడుగుతాడా? అందుకని నలుగురికీ చెప్పేశాను. అందరూ నన్నే తిట్టుకునేవాళ్ళు. ఆ గోలలో వీళ్ళూ వినేసి లోపలికెళ్ళేవాళ్ళు. ఈ వారం నోరు కట్టేశారు కాబట్టి పెన్సిలు పట్టాల్సొచ్చింది."

 బస్సులో నవల వదిలేసి దిగిపోయిన పెద్దమనిషి సంగతి అడుగుదామనుకుని, అది వేరే కేసని డౌటమ్మ ఊరుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నాకూ ఒకటి చెప్పు. మెట్లు చూస్తే భయం. ద్రాక్షపండు చూస్తే భయం. ఇది కదలకుండా నిద్రపోతే ఊపిరి తీస్తోందా అని ముక్కు దగ్గర వేలు పెడతాను. వేలు తగిలి ఇది లేచి ఏడిస్తే ఎందుకేడుస్తోందని భయం. ఈ కథ ముగింపు చెప్పు మావయ్యా."

మావయ్య తుడవడం ఆపాడు. పాప వంక చూశాడు. పాప ఆయన వంక చూసింది, నోరంతా నీలంగా.  

"నాకు తెలీదమ్మా. పిల్లల కథ పొద్దుటి ఆట చూసొచ్చినవాళ్ళెవరూ లేరు."

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

ఆయన చెప్పాడు. దాన్ని డౌటమ్మ ఇప్పటికీ తు.చ. తప్పకుండా పాటిస్తోంది. పాప అన్నం ముద్ద ఉమ్మేసి ఊరంతా వినపడేలా ఏడ్చినప్పుడు, ఎక్కకూడని కుర్చీ ఎక్కి తల్లి ప్రాణం తోడేసినప్పుడు, పాపని భర్త చేతిలో పెట్టి, టీ గ్లాసుతో గుమ్మం బయట నిలబడుతుంది. ఏమైందని భర్త అడగడు. గడియారం చూసి, "ఇంకా రెండు నిమిషాలుంది, తాగు తాగు" అంటాడు. సమయం కాగానే ఆమె గ్లాసు పెట్టేసి చేతులు చాస్తుంది. మావయ్య ఆ సాయంత్రం చెప్పిన మాట ఇదీ:

"భయమేస్తే ఆరు నిమిషాలు బయటికి రా. దానికి సిగ్గుపడక్కర్లేదు. టీ తాగు, కానీ మళ్ళీ లోపలికెళ్ళు. నీ సీటు ఎక్కడికీ పోదు, పాట మాత్రం నీ కోసం ఆగదు."